దాహంతో వచ్చిన ముప్పై నాలుగు నక్షత్ర తాబేళ్లు: చెన్నైలో ఒక కేసు వివరం

2023 నవంబరు 28 రాత్రి పదకొండు దాటాక చెన్నై దక్షిణ శివారులోని మా సంరక్షణ కేంద్రానికి ఒక ప్లాస్టిక్ తొట్టిలో 34 నక్షత్ర తాబేళ్లు వచ్చాయి. సెంట్రల్ స్టేషన్ సమీపంలోని ఒక లాడ్జిలో రెండు రోజుల ముందు పట్టుబడినవవి. మా దగ్గరికి చేరేసరికే మూడు చనిపోయి ఉన్నాయి. మిగిలిన 31లో మూడు నెలల్లోపు మరో ఆరు చనిపోయాయి. బతికిన 25లో 18 మాత్రమే తిరిగి అడవి నేల తొక్కాయి. వన్యప్రాణి వైద్యురాలిగా ఈ కేసును మొదటి రాత్రి నుంచి నేటివరకు చూస్తున్నాను కనుక, ఏం చేశామో, ఎక్కడ పొరపడ్డామో రాసి ఉంచడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఇందులో మందుల కంటే ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. పట్టుబడిన చోట మూడు సంచుల్లో విడివిడిగా ఉన్న తాబేళ్లను లెక్క కోసం ఎవరో ఒకే తొట్టిలోకి గుమ్మరించారు. అయిదు నిమిషాల ఆ పని, ఆ తరువాత రెండేళ్లలో మేము తీసుకున్న ప్రతి నిర్ణయానికీ అడ్డుపడింది.

శాస్త్రజ్ఞులు జియోకెలోనె ఎలిగాన్స్ అని పిలిచే ఈ జంతువు మన మెట్ట నేలలది. గుజరాత్, రాజస్థాన్, పాకిస్తాన్ ఆగ్నేయ భాగం ఒక వైపు, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక వంటి దక్షిణ ప్రాంతాలు ఇంకొక వైపు, ఆపైన శ్రీలంక. రాయలసీమలో పుట్టి పెరిగిన నాకు చిన్నప్పుడు దీనిపేరు మెట్ట తాబేలు మాత్రమే. తొలకరి పడ్డాక చేను గట్ల మీద, తుప్పల పక్కన కనిపించేది. నల్లటి డిప్ప మీద ప్రతి పలకలోనూ పసుపు చుక్క, అందులోంచి నలువైపులా సాగే గీతలు. ఎండిన గడ్డిలో కదలకుండా కూర్చుంటే నీడా ఎండా కలిసినట్టుండి కంటికి ఆనదు. అడవిలో దాన్ని కాపాడిన ఆ గీతలే ఇప్పుడు దాని ప్రాణం మీదికి తెచ్చాయి. 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనం మన దేశంలోని ఒకే ఒక్క వ్యాపార కేంద్రం నుంచి ఏడాదిలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లను అడవి నుంచి ఏరుకుపోయారని తేల్చింది. వాటిలో ఎక్కువ భాగం థాయిలాండ్, చైనా వంటి దేశాల్లో పెంపుడు జంతువులుగా అమ్ముడుపోవడానికి ఉద్దేశించినవే. ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పుకు గురయ్యే (వల్నరబుల్) జాతిగా గుర్తించింది. 2019లో జెనీవాలో జరిగిన సమావేశంలో వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం దీన్ని రెండో అనుబంధం నుంచి, అన్నిటికంటే కఠినమైన మొదటి అనుబంధానికి మార్చింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఒకప్పుడు నాలుగో షెడ్యూలులో ఉండగా, 2022 సవరణతో మొదటి షెడ్యూలులోకి వచ్చింది. కాగితం మీద దీనికి ఇంతకు మించిన రక్షణ లేదు.

వచ్చినప్పటి స్థితి

అన్నిటికంటే చిన్నది 42 గ్రాములు, పెద్దది 610 గ్రాములు. ఎక్కువ భాగం 100 నుంచి 250 గ్రాముల లోపు పిల్లలే. కాళ్లూ తలా బయటికి రాకుండా డిప్ప చుట్టూ ప్లాస్టర్ టేపు చుట్టి, గుడ్డలో కట్టి, సంచిలో వరుసగా పేర్చినట్టు టేపు జిగురు మచ్చలు చెబుతున్నాయి. కళ్లు లోపలికి పోయాయి. మెడ చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలితే మడత అలాగే నిలిచిపోతోంది. తొమ్మిదింటికి ముక్కు నుంచి నీరు కారుతోంది. అయిదింటికి పొట్టవైపు డిప్ప ఎర్రగా కందినట్టు ఉంది. రక్తంలో ఇన్‌ఫెక్షన్ పాకినప్పుడు కనిపించే లక్షణమది.

రెండు తాబేళ్లు మాత్రం మిగిలినవాటితో పొసగకుండా కనిపించాయి. డిప్ప మీది పలకలు పిరమిడ్లలాగా పైకి లేచి ఉన్నాయి, గోళ్లు పొడుగ్గా, అరగకుండా ఉన్నాయి, పైదవడ ముక్కు వంకర తిరిగి పెరిగింది. రాళ్ల మీద నడిచిన తాబేలుకు గోళ్లు అలా పెరగవు. అవి ఏదో ఇంట్లో గచ్చు మీద, టమాటా, క్యాబేజీ, అన్నం తింటూ ఏళ్ల తరబడి పెరిగినవి. ఇంట్లో తాబేలుంటే కలిసి వస్తుందని నమ్మి తెచ్చుకునేవారు చెన్నైలో మన తెలుగువాళ్లలోనూ ఉన్నారు. శ్రీకూర్మం గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను చూసి దండం పెట్టుకున్న చేతులే ఇక్కడ వాటిని దొడ్డిదారిన కొనుక్కోవడం నాకు బాధ కలిగించే విషయం. ఇంట్లో పెంచలేక ఎవరో వదిలించుకున్న రెండు, అడవి నుంచి తెచ్చినవాటితో కలిసి అదే దారిన బయలుదేరాయన్నమాట. ఈ రెండింటి వల్ల ఎంత నష్టం జరిగిందో నాకు ఆ రాత్రి తెలియలేదు.

మరుసటి రోజు అటవీ అధికారులు నన్ను ఇంకొక పనికి పిలిచారు. పట్టుబడిన కుర్రవాడికి తమిళం రాదు. విచారణలో అతని తెలుగును తమిళంలో చెప్పేవాళ్లు కావలసి వచ్చింది. పట్టుమని ఇరవై రెండేళ్లు కూడా ఉండవు. సంచులు తెచ్చి ఇవ్వడం వరకే తన పని అన్నాడు. నేను అడిగినవి రెండే ప్రశ్నలు: వీటికి నీళ్లు ఎప్పుడు పెట్టారు, ఇవి ఎక్కడివి. మొదటి ప్రశ్నకు, "నీళ్లు పెడితే సంచి తడిసిపోద్దని పెట్టొద్దన్నారక్కా" అన్నాడు. అప్పటికి తొమ్మిది రోజులు. రెండోదానికి, ఒక సంచి మదనపల్లె అవతలి గుట్టల నుంచి, ఇంకొకటి కర్ణాటక వైపు నుంచి వచ్చాయనీ, మూడోది చెన్నైలోనే చేతికి అందించారనీ చెప్పాడు. అతను ఆ మాట చెబుతున్నప్పటికి మూడు సంచులూ ఖాళీ అయిపోయాయి. ఏ తాబేలు ఏ సంచిలోదో చెప్పగలిగినవాళ్లు లేరు.

మొదటి తొమ్మిది రోజులు

తాబేలు చికిత్సలో తొందర పనికిరాదు. దాని ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలిని బట్టి ఉంటుంది. ఒళ్లు చల్లగా ఉంటే పేగు కదలదు, మందు అరగదు, రోగనిరోధక శక్తి పనిచేయదు. అందుకే మొదట గదిని పగలు 30 డిగ్రీల దగ్గర, రాత్రి 26కు తగ్గకుండా ఉంచాము. తరువాత రోజుకు రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున, గడ్డం మునగనంత లోతు గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టాము. నీళ్లు ముట్టగానే కొన్ని మెడ చాచి, కళ్లు మూసుకుని, ఆగకుండా తాగాయి. నా పద్నాలుగేళ్ల వృత్తిలో ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా గొంతు పట్టేస్తుంది. తాగలేనివాటికి చర్మం కింద వెచ్చని ద్రవాలు ఎక్కించాము. మూడు రోజుల వరకు ఆకు కూడా పెట్టలేదు.

మా దగ్గర జంతువులను చూసుకునే పెద్దాయన సూళ్లూరుపేట వైపు యానాది కుటుంబంలో పుట్టినవారు. మూడో రోజు నేను ఆకులు తెమ్మంటే ఆయన ఒక తాబేలు రెట్టను చూపించి, "ఇంకా సున్నం పడతాంది డాక్టరమ్మా. దీనికి ఆకలి కాదు, దప్పిక. ఇంకొక రోజు నీళ్లే పెట్టమ్మా" అన్నారు. ఆయన చూపించింది యూరేట్లను. తాబేలు తన ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి, నీటిని పొదుపు చేసుకుంటూ, తెల్లటి ముద్దగా విసర్జిస్తుంది. ఒంట్లో నీరు చాలినప్పుడు అది మెత్తగా పెరుగులా ఉంటుంది. చాలనప్పుడు గట్టి సున్నపు ముక్కలా పడుతుంది. నేను రక్త పరీక్ష ఫలితం కోసం ఎదురు చూస్తున్న విషయాన్ని ఆయన నేల మీద చదివేశారు. ఆయన మాట ప్రకారమే ఇంకొక రోజు ఆగాము.

ఇక్కడ ఒక పొరపాటు గురించి చెప్పాలి. పట్టుబడిన తరువాత, మా దగ్గరికి రాకముందు, ఈ తాబేళ్లు రెండు రోజులు వేరొక చోట ఉన్నాయి. వాటి మెడ మడతల్లో పిడుదులు చూసి, అక్కడ ఎవరో మూడింటికి ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కుక్కల గజ్జికి, పశువుల పిడుదులకు రోజూ వాడే మందే అది. కానీ తాబేళ్ల జాతిలో అది మెదడులోకి చొరబడి కండరాలను చచ్చుబరుస్తుంది. తాబేలు పక్కటెముకలు డిప్పకు అతుక్కుపోయి ఉంటాయి కనుక అది మనలాగా ఛాతీ ఎగరేసి ఊపిరి తీసుకోలేదు. కాళ్ల మొదళ్లలోని కండరాలను, పొట్ట కండరాలను కదిలిస్తేనే ఊపిరి ఆడుతుంది. ఆ కండరాలు సడలిపోతే అంతే. మూడింటిలో ఒకదానికి ఏమీ కాలేదు. ఒకటి పదకొండు రోజులు గుడ్డముక్కలా వేలాడి, తరువాత నెమ్మదిగా తల ఎత్తింది. మూడోది నాలుగో వారంలో చనిపోయింది. దీనికి విరుగుడు లేదు. ఇచ్చినవారికి దురుద్దేశం లేదని నాకు తెలుసు. అయినా పశువైద్యులందరికీ చేతులు జోడించి చెబుతున్నాను: ఏ రకం తాబేలుకైనా సరే ఐవర్‌మెక్టిన్ ఇవ్వకండి. పిడుదులను పట్టకారుతో ఒక్కొక్కటిగా తీయండి. మేము ఆ 31 తాబేళ్ల నుంచి అలాగే తీశాము. ఒక పూట పట్టింది.

ముక్కు కారుతున్నవాటికి, పొట్ట డిప్ప కందినవాటికి సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్‌ను కిలోకు 20 మిల్లీగ్రాముల లెక్కన 72 గంటలకొకసారి ముందు కాలి కండరంలో ఇచ్చాము. వెనక కాలిలో ఇస్తే అక్కడి రక్తం ముందుగా మూత్రపిండాల గుండా వెళ్లే వీలుంది కనుక ముందు కాలే మేలు. ఎండిపోయిన తాబేలుకు జెంటామైసిన్ వంటి మూత్రపిండాల మీద భారం వేసే మందుల జోలికి పోకూడదు. కడుపులోని నులిపురుగుల మందు మొదటి నెలలో దేనికీ ఇవ్వలేదు. బరువును పొడవుతో పోల్చి ఆరోగ్యం చెప్పే పట్టికలు యూరప్ తాబేళ్ల కోసం తయారైనవి. గుమ్మటంలాంటి డిప్ప ఉన్న మన నక్షత్ర తాబేలుకు అవి సరిపోవు. అందుకని ప్రతిదాన్నీ దాని నిన్నటి బరువుతోనే పోల్చుకున్నాము.

ఏడో రోజు డిసెంబరు 4. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు చెన్నై మీద కుండపోతగా కురిసిన రోజు. తెల్లవారుజామున కరెంటు పోయింది. వేడి దీపాలు ఆరిపోయాయి. ఇన్వర్టరు మధ్యాహ్నానికి చేతులెత్తేసింది. దక్షిణ శివార్లలో రోడ్లన్నీ ఏరులై, ఎవరూ ఎటూ కదలలేని స్థితి. గది ఉష్ణోగ్రత 23కు పడిపోయింది. ఆరోగ్యంగా ఉన్న తాబేలుకు అది సమస్యే కాదు. ఊపిరితిత్తుల్లో చీము ఉన్న తాబేలుకు, తడి గాలిలో, అది ప్రాణాంతకం. పైగా తాబేలుకు విభాజక పటలం (డయాఫ్రమ్) లేదు కనుక దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేదు. గ్యాస్ పొయ్యి మీద నీళ్లు కాచి, సీసాల్లో నింపి, తువ్వాళ్లు చుట్టి తొట్ల చుట్టూ పేర్చాము. పెద్దాయన ఎండుగడ్డి పరుద్దామన్నారు. గడ్డిలో బూజు ఉంటుందని నేను మామూలుగా ఒప్పుకోను. ఆ రెండు రాత్రులకు ఒప్పుకున్నాను. గంటకొకసారి సీసాలు మారుస్తూ డిసెంబరు 6 సాయంత్రం కరెంటు వచ్చేదాకా నలుగురం వంతులు వేసుకుని కూర్చున్నాము. కరెంటు లేనంతసేపూ ఒక్కటి కూడా చనిపోలేదు. కానీ చోటు చాలక, నీరు చేరని ఒకే ఒక గదిలోకి అన్ని తొట్లనూ చేర్చి, చిన్నవాటిని వెచ్చగా ఉండేందుకు రెండు పెద్ద తొట్లలో కలిపేశాము. ఇంట్లో పెరిగిన ఆ రెండూ కూడా అందులో ఒక తొట్టిలోకి వెళ్లాయి. చలి నుంచి కాపాడే తొందరలో నేనే తీసుకున్న నిర్ణయమది.

శవపరీక్షల్లో కనిపించినది

రెండు, మూడు, అయిదు, తొమ్మిది రోజుల్లో ఒక్కొక్కటి చొప్పున నాలుగు చనిపోయాయి. వచ్చేసరికే చనిపోయిన మూడింటితో కలిపి ఈ ఏడింటినీ పరీక్షించాము. అయిదింటిలో ఒకే దృశ్యం: గుండెను కప్పిన పొర మీద, కాలేయం మీద, సుద్దపొడి చల్లినట్టు తెల్లటి పూత, మూత్రపిండాలు ఉబ్బి, తెల్లటి గీతలతో నిండి ఉన్నాయి. దీన్ని లోపలి అవయవాల గౌట్ అంటారు. బయటికి పోవలసిన యూరిక్ ఆమ్లం, దాన్ని మోసుకుపోయే నీరు లేక, లోపలే గడ్డకట్టింది. మెట్ట తాబేలు మూత్రాశయం ఒక నీటి తిత్తి లాంటిది. ఎండాకాలం అందులోని నీటినే తిరిగి పీల్చుకుని బతుకుతుంది. భయపడితే ఆ నీటినంతా ఒక్కసారిగా వదిలేస్తుంది. దారిలో ఒక తాబేలును చేత్తో ఎత్తితే అరచేయి తడిసేది ఇందుకే. అంటే, పట్టుకున్న క్షణంలోనే తన నిల్వ పోగొట్టుకున్న జంతువును ఆపైన తొమ్మిది రోజులు నీళ్లు లేకుండా ఉంచారు. ఆకలికి తాబేలు నెలలు ఓర్చుకోగలదు. వీటిని చంపింది దాహం.

అయిదో మరణం ఐవర్‌మెక్టిన్ వల్ల జరిగినదే కనుక ముందే చెప్పాను. మిగిలిన ఇంకొకటి 62వ రోజున న్యుమోనియాతో పోయింది. అప్పటికే నాకు అనుమానం మొదలైంది. తగ్గిందనుకున్న ముక్కు కారడం, తుపాను రాత్రుల్లో ఒకే తొట్టిలో ఉన్నవాటిలో మళ్లీ మొదలైంది. ముక్కు, గొంతు నమూనాలను పీసీఆర్ పరీక్షకు పంపితే, ఇంట్లో పెరిగిన రెండింటిలోనూ, వాటితో కలిసి ఉన్న నాలుగింటిలోనూ మైకోప్లాస్మా బయటపడింది. ఈ సూక్ష్మజీవి తాబేలులో ఒకసారి స్థిరపడితే లక్షణాలు తగ్గినా ఏళ్ల తరబడి లోపలే ఉండగలదు. ఆ ఆరూ పైకి ఆరోగ్యంగానే ఉన్నాయి, తింటున్నాయి, పెరుగుతున్నాయి. అడవికి మాత్రం ఎప్పటికీ పోలేవు. ఆ నాలుగింటికీ ఇది లాడ్జిలో తొట్టిలో కలిపినప్పుడు అంటిందా, తుపాను రాత్రి నేను కలిపినప్పుడు అంటిందా అన్నది తేల్చడానికి ఆధారం లేదు. రెండోది కారణమై ఉండవచ్చన్న బాధ నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ తరువాత మా కేంద్రంలో పెంపకపు లక్షణాలున్న తాబేలును, అడవి తాబేలును ఒకే గదిలో ఉంచడం మానేశాము. వరద వచ్చినా సరే.

ఆహారం సంగతి సులువుగానే సాగింది. గరిక, మందారాకులు, ముళ్లు కాల్చిన నాగజెముడు పట్టలు, కొద్దిగా మునగాకు. పండ్లు అసలు లేవు. పెద్దాయన రోజూ గట్లు తిరిగి పల్లేరు తీగ, తుత్తురుబెండ ఆకు తెచ్చేవారు. అడవి నుంచి వచ్చిన పిల్లలు బజారు ఆకుకూర వదిలేసి వీటి మీదికి పరుగెత్తడం చూశాక, నేను ముందు రాసిన ఆహార పట్టికను చింపి కొత్తది రాశాను. త్వరగా పెంచాలని చూడలేదు. అడవిలో నెమ్మదిగా పెరిగే డిప్పను ఇక్కడ బలవంతాన పెంచితే పలకలు పైకి లేస్తాయి, లోపల ఎముక గుల్లబారుతుంది.

ఎక్కడికి పంపాలి

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. పట్టుబడిన వన్యప్రాణి, చట్టం దృష్టిలో, ప్రభుత్వ ఆస్తి, కేసులో సాక్ష్యం. కోర్టు అనుమతి లేకుండా వదలడానికి వీల్లేదు. రాష్ట్రం దాటించాలంటే రెండు రాష్ట్రాల అటవీ శాఖల ఆమోదం కావాలి. ఈ ప్రక్రియకు పది నెలలు పట్టింది. ఆలస్యం అయినందుకు నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. రోగాలన్నీ బయటపడడానికి ఆ కాలం ఉపయోగపడింది. కానీ అనుమతి కోసం రాసే ప్రతి కాగితంలోనూ ఒక గడి ఉంటుంది: జంతువు మూలస్థానం. మేము దాన్ని నింపలేకపోయాము.

నక్షత్ర తాబేలు అంతటా ఒక్కటే కదా, ఎక్కడ వదిలితే ఏమిటి అని చాలామంది, చదువుకున్నవారు కూడా, నన్ను అడిగారు. ఒక్కటే కాదు. వాయవ్య భారతంలోనివీ దక్షిణాదివీ జన్యుపరంగా వేర్వేరు శాఖలు. థార్ అంచున ఉండే తాబేలుకు, ఈశాన్య రుతుపవనంలో తడిసే తమిళ తీరపు తాబేలుకు వర్షం వచ్చే నెలే వేరు. గుడ్లు పెట్టే కాలం దాన్ని బట్టే ఉంటుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు సింగపూర్ నుంచి తిరిగి వచ్చిన నక్షత్ర తాబేళ్ల మూలాన్ని డీఎన్‌ఏ ద్వారా వెతికి 2006లోనే ప్రచురించారు. 2018 నవంబరులో సింగపూర్ నుంచే 51 తాబేళ్లు బెంగళూరుకు తిరిగి వచ్చాయి. తిరిగి రావడం అనేది సాధ్యమే. తిరిగి ఎక్కడికి అన్నదే ప్రశ్న.

మా 25 నమూనాలనూ పరీక్షిస్తే అన్నీ దక్షిణాది శాఖవేనని తేలింది. అది ఊరటే. కానీ డీఎన్‌ఏ ఇంతవరకే చెప్పగలిగింది. మదనపల్లె గుట్టలకూ కర్ణాటక మైదానానికీ మధ్య తేడాను అది చూపలేదు. ఆ తేడా చెప్పగలిగింది ఆ మూడు సంచులే. ఏ సంచిలోంచి తీసినవో రంగు చుక్క పెట్టి ఉంటే, కుర్రవాడి మాటతో కలిపి, కనీసం సగం తాబేళ్లను అవి పుట్టిన గుట్టలకు దగ్గరగా చేర్చగలిగేవాళ్లం. చెన్నైలో చేతికి అందిన మూడో సంచిలోనే వచ్చి ఉండవచ్చనుకునే, ఇంట్లో పెరిగిన ఆ రోగిష్టి తాబేళ్లను మొదటి రోజే విడిగా ఉంచేవాళ్లం. ఇప్పుడు మేము అటవీ, కస్టమ్స్ సిబ్బందికి ఇచ్చే శిక్షణలో మొదటి గంట దీనికే కేటాయిస్తున్నాను. సంచి విప్పకముందే ఫోటో తీయండి. ప్రతి సంచికీ ఒక అంకె వేయండి. ఒక్కో సంచిలోని తాబేళ్లకు ఒక్కో రంగు గోళ్ల రంగు చుక్క డిప్ప అంచున పెట్టండి. తొట్లు చాలకపోతే అట్టపెట్టెలు చాలు. తరువాత గోరువెచ్చని నీళ్లు పెట్టండి. దీనికి డబ్బు కానీ యంత్రం కానీ అవసరం లేదు.

కొందరు మిత్రులు బర్మా నక్షత్ర తాబేలును ఉదాహరణగా చూపి, వీటిని కూడా పెంచి పిల్లలు చేయించి వదలవచ్చు కదా అన్నారు. మయన్మార్‌లో ఆ జాతి అడవిలో దాదాపు అంతరించాక, 2004లో సుమారు 175 తాబేళ్లతో, అందులో ఎక్కువ భాగం స్మగ్లర్ల నుంచి పట్టుకున్నవే, పెంపకం మొదలుపెట్టారు. 2017 నాటికి వాటి సంఖ్య 14,000 దాటింది. అది నిజంగా గొప్ప పని. అయితే అక్కడ అడవిలో మిగిలినవి దాదాపు లేవు. మన దగ్గర తాబేళ్లు ఇంకా ఉన్నాయి. వాటిని సంచుల్లో ఎత్తుకుపోతున్నారు. ఎత్తుకుపోవడం ఆగని చోట మనం పిల్లలను పెంచి వదిలితే, ఆ సంచుల్లోకే వేసినట్టవుతుంది. పైగా మూలం తెలియని తల్లిదండ్రుల పిల్లలకు ఏ అడవిలో స్థానం ఉంటుంది? మా దగ్గర శాశ్వతంగా మిగిలిన వాటిలో ఆడామగా ఉన్నా జత కట్టనివ్వడం లేదు.

చివరకు 2024 అక్టోబరులో 18 తాబేళ్లను ఆంధ్ర వైపు ఒక రక్షిత అటవీ భాగానికి తీసుకువెళ్లాము. ఆ చోటు పేరు ఇక్కడ రాయను; ఇలాంటివి చదివేవాళ్లలో తాబేళ్లు ఏరుకునేవాళ్లూ ఉంటారు. ఏడు చెన్నైలోనే మిగిలాయి: మైకోప్లాస్మా ఉన్న ఆరు, టేపు బిగింపుకు దవడ వంకరై తనంతట తాను గడ్డి తెంపుకోలేని ఒకటి. తీసుకువెళ్లినవాటిని వెంటనే వదిలేయలేదు. అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో గోఫర్ తాబేళ్లను తొమ్మిది నుంచి పన్నెండు నెలలు కంచెలో ఉంచి వదిలితే అవి ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డాయనీ, నేరుగా వదిలినవి దూరంగా వెళ్లిపోయాయనీ పరిశోధనలో తేలింది. ఆ పద్ధతినే పాటించి, తుప్పలూ, బండలూ, నాగజెముడు పొదలూ ఉన్న అర ఎకరం నేల చుట్టూ, అడుగు లోతు పాతిన రేకుతో కంచె కట్టించాము. మొదటి రెండు వారాల తరువాత ఆకు వేయడం మానేశాము. నీళ్లు మాత్రం మొదటి వేసవి ముగిసేవరకు రెండు మట్టి పళ్లేల్లో ఉంచాము. పెద్దాయన నాతో నాలుగుసార్లు వచ్చారు. రెట్టలను చూసి, "సున్నం మెత్తబడింది డాక్టరమ్మా" అన్న రోజున ఇక వాటిని లెక్కపెట్టడం తప్ప మాకు పని లేదని అర్థమైంది.

2025 ఆగస్టులో వానలు పడ్డాక కంచె రేకులను నాలుగు చోట్ల తీసేశాము. ఎనిమిదింటి డిప్పల మీద, వాటి బరువులో 5 శాతానికి మించని రేడియో ట్రాన్స్‌మిటర్లను అతికించాము. నవంబరు మొదటి వారం నాటికి ఆరు కంచెకు కిలోమీటరు లోపే ఉన్నాయి. ఒకదాని ఖాళీ డిప్ప దొరికింది; పంటి గాట్లను బట్టి నక్కో ముంగిసో అయి ఉంటుంది. ఇంకొకదాని సంకేతం సెప్టెంబరు నుంచి అందడం లేదు. ఎవరైనా ఎత్తుకుపోయారేమోనన్న భయంతో ఆ చుట్టుపక్కల పల్లెల్లో అటవీ సిబ్బంది వాకబు చేస్తూనే ఉన్నారు.

ఐవర్‌మెక్టిన్ దెబ్బ తిని పదకొండు రోజులు తల ఎత్తని తాబేలుకు మా రికార్డులో 14వ అంకె. వచ్చిన రాత్రి దాని బరువు 168 గ్రాములు. మొన్న నవంబరు 5న పొద్దున్నే, వాన వెలిసిన గంటకు, కంచెకు 340 మీటర్ల దూరంలో ఒక నాగజెముడు పొద కింద అది పల్లేరు ఆకు తింటుండగా కనిపించింది. 402 గ్రాములు. ఎత్తి తూకంలో పెడితే నా అరచేయి తడిసింది, అందుకని పక్కన ఉన్న బండ గుంటలోని వాననీటి దగ్గర దాన్ని దించి, అది మెడ చాచి తాగేదాకా ఆగి, తరువాత పుస్తకంలో రాసుకున్నాము. ఇక మీదట దాన్ని చేత్తో ఎత్తకుండా, దూరం నుంచే చూసి రాయాలని ఆ రోజే నిర్ణయించాము. తదుపరి పరిశీలన జనవరిలో.